వైజ్ఞానిక కల్పనా కథలలో నిజ చలనచిత్రాల ప్రస్తావన

వైజ్ఞానిక కల్పనా కథలలో (సైన్స్ ఫిక్షన్ కథలలో) నిజంగా నిర్మించబడి ప్రేక్షకులు చూసిన చలనచిత్రాలు, వాటి నటులు, నిర్మాణ సంస్థలు అక్కడక్కడ ప్రస్తావనకు వస్తాయి. కథ జరిగే కాలం ఏ వెయ్యేళ్ళ తరువాతిదో, స్థలం ఏ అంగారక గ్రహమో అయినప్పుడు పాఠకునికి తెలిసిన ఒక సినిమా పేరు ఆ కల్పిత లోకాన్ని మన లోకంతో ముడివేస్తుంది. 20వ శతాబ్దపు ప్రసిద్ధ కథలలో ఈ ప్రస్తావనలు తరచుగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి: మనం పోయిన తరువాత మన సినిమా మిగులుతుందా? మిగిలితే దానిని చూసేవారికి ఏమి అర్థమవుతుంది? తెలుగువారికి ఈ ప్రశ్న కేవలం కల్పన కాదు. తెలుగు సినిమా తొలి సంవత్సరాల రీళ్ళు ఇప్పటికే పోయాయి.

పరిధి

కథను సినిమాగా తీయడం వేరు, కథలో సినిమా కనిపించడం వేరు. ఆర్థర్ సి. క్లార్క్ కథ ‘ది సెంటినెల్’ (1951) ఆధారంగా ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ (1968) వచ్చింది. డేనియల్ కీస్ కథ ‘ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్’ (1959) ‘చార్లీ’ (1968) అనే చిత్రమైంది. ఇవి మొదటి రకానికి చెందినవి, కనుక ఈ వ్యాస పరిధిలోకి రావు. ఇక్కడ రెండవ రకమే ముఖ్యం. తెలుగులో మాత్రం ఈ సంబంధం ఎక్కువగా తెర మీదనే కనిపిస్తుంది. అందుచేత ‘ఆదిత్య 369’ చిత్రాన్ని కూడా ఇందులో చేర్చడం జరిగింది.

కాలయంత్రం, చలనచిత్రం

హెచ్.జి. వెల్స్ నవలిక ‘ది టైమ్ మెషీన్’ 1895లో పుస్తకంగా వెలువడింది. అదే సంవత్సరం డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకొని ప్రజలకు చలనచిత్రాలు చూపించారు. కాలంలో ప్రయాణించే యంత్రం ఊహలో, కాలాన్ని పట్టి ఉంచే యంత్రం వాస్తవంలో ఒకే ఏడాది పుట్టాయన్నమాట.

వెల్స్ రచనలో ఏ సినిమా పేరూ లేదు, ఉండే అవకాశమూ లేదు. కానీ అందులోని ఒక వర్ణన చదివితే రచయిత ప్రొజెక్టరు ఎదుట కూర్చున్నాడేమో అనిపిస్తుంది. కాలయాత్రికుడు యంత్రం మీద ముందుకు వెళ్ళేటప్పుడు అతని ఇంటి పనులు చూసే స్త్రీ గది ఈ చివరి నుండి ఆ చివరికి రాకెట్టులా దూసుకుపోయినట్లు కనిపిస్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అదే స్త్రీ అవే అడుగులు వెనక్కు వేస్తూ వచ్చిన ద్వారం గుండానే వెళ్ళిపోతుంది. ఒకటి ఫిల్మును వేగంగా తిప్పడం, రెండవది వెనక్కు తిప్పడం. మరుసటి సంవత్సరం, అనగా 1896లో, లూమియేర్ వారి ‘గోడ కూల్చివేత’ అనే చిన్న చిత్రాన్ని వెనక్కు తిప్పి చూపించినప్పుడు కూలిన గోడ దుమ్ములోంచి లేచి నిలబడింది. ప్రేక్షకులు నివ్వెరపోయారు.

ఈ పోలికను మొదట గుర్తించినవాడు లండన్‌లోని పరికరాల తయారీదారు రాబర్ట్ పాల్. ఆయన వెల్స్ రచన చదివి, 1895 అక్టోబరులో ఒక పేటెంటుకు దరఖాస్తు చేశాడు. ప్రేక్షకులు ఊగే వేదికల మీద కూర్చోవాలి, వారిపై గాలి వీయాలి, ఎదుట తెర మీద భూతభవిష్యత్ దృశ్యాలు మారుతూ పోవాలి. ఇదీ ఆ పథకం. డబ్బు చాలక అది నెరవేరలేదు. ఈనాడు నగరాలలోని వినోద కేంద్రాలలో కుర్చీలు కదిలించి చూపే ‘రైడ్’లకు ఇదే మూలపురుషుడని చెప్పవచ్చు.

క్లార్క్ ‘చరిత్ర పాఠం’

ఈ విషయంలో అన్నిటికన్నా ముందు చెప్పుకోదగినది క్లార్క్ కథ ‘హిస్టరీ లెసన్’, తెలుగులో చెప్పాలంటే ‘చరిత్ర పాఠం’. ఇది 1949లో ‘స్టార్ట్‌లింగ్ స్టోరీస్’ పత్రికలో వచ్చింది. 1953లో ‘ఎక్స్‌పెడిషన్ టు ఎర్త్’ సంపుటంలో చేరింది.

కథలో భూమిపై మరొక మంచుయుగం వస్తుంది. రెండు ధ్రువాల నుండి హిమానీనదాలు కదలి వస్తుండగా మిగిలిన చివరి తెగ తమ పూర్వుల వస్తువులను మోసుకుంటూ నడుస్తుంది. అవి దేనికి పనికివచ్చేవో వారికి తెలియదు. పూర్వులవి కనుక పూజ్యాలు, అంతే. చివరకు ఒక కొండ మీద రాళ్ళ గుట్ట కింద వాటిని భద్రపరచి వారు కనుమరుగవుతారు. భూమిపై మనుష్యజాతి అంతరిస్తుంది.

ఐదు వేల సంవత్సరాల తరువాత శుక్రగ్రహవాసులు భూమికి వస్తారు. వారు సరీసృపాల నుండి పరిణమించినవారు, మహా మేధావులు. ఆ నిధిలో వారికి ఒక ఫిల్ము చుట్ట దొరుకుతుంది. ఎంతో శ్రమించి దానిని తెర మీద ఆడించే సాధనం తయారుచేస్తారు. ఆ బొమ్మలను చూసి భూవాసుల శరీర నిర్మాణం, స్వభావం, వాహనాలు, తగాదాలు వంటివాటి మీద పండితులు వ్యాఖ్యానాలు మొదలుపెడతారు. చివర తెర మీద కొన్ని అక్షరాలు వస్తాయి. ఆ లిపి వారికి తెలియదు. పాఠకుడు మాత్రం ఆ అక్షరాలను చదవగలడు. అవి ఆ చిత్రం వాల్ట్ డిస్నీ సంస్థ నిర్మించినదని తెలిపే మాటలు. అంటే అంతవరకు మనుష్యజాతి రూపురేఖలుగా వారు పరిశోధించినది ఒక హాస్య కార్టూనును!

క్లార్క్ చిత్రం పేరు చెప్పలేదు, సంస్థ పేరు మాత్రమే చెప్పాడు. అది సరిపోయింది. ‘స్టీమ్‌బోట్ విల్లీ’ (1928) నాటి నుండి మిక్కీ మౌస్ ప్రపంచమంతటా తెలిసిన బొమ్మ కాబట్టి పాఠకుడు తన మనస్సులోని కార్టూనును అక్కడ ఉంచుకుంటాడు. కథలోని వ్యంగ్యం పూర్తిగా ఈ ఒక్క పేరు మీద ఆధారపడి ఉంది. కల్పిత సంస్థ పేరు పెట్టి ఉంటే కథ లేదు. నిజ చలనచిత్రాన్ని కథలో ప్రస్తావించడం వల్ల కలిగే ప్రయోజనానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

శుక్రగ్రహవాసులు తెలివితక్కువవారు కారన్నది గమనించాలి. వారి పద్ధతి సరైనదే, వారికి దొరికిన ఆధారమే తప్పుదారి పట్టించేది. పురావస్తు శాస్త్రవేత్తలకు ఈ ప్రమాదం కొత్త కాదు. శాసనం వేయించినవాడు తాను చెప్పదలచుకున్నదే చెక్కిస్తాడు. సినిమా తీసినవాడూ అంతే. విద్యార్థులు ఈ కథను తెలుగు సినిమాకు అన్వయించి చూడవచ్చు. ఒకానొక కొండ మీద ఒకే ఒక తెలుగు సినిమా మిగిలిందనుకొందాం. దాన్ని చూసిన పరదేశి పండితుడు, ఈ ప్రజలు పొలాలలో పని చేసేవారు కారు, బృందాలుగా పాడుతూ ఆడేవారు అని రాసుకుంటాడు. నిజామాబాదు జిల్లా నందిపేట్, ఆర్మూరు, బాల్కొండ ప్రాంతాలలో సుమారు తొమ్మిది నెలల పంట అయిన పసుపును తవ్వడం, ఉడకబెట్టడం, కళ్ళాలలో రోజుల తరబడి ఆరబెట్టడం, డ్రమ్ములలో తిప్పి మెరుగు పెట్టడం, బండ్లు కట్టి మార్కెట్టుకు తోలడం వంటివి అతనికి ఎలా తెలుస్తాయి? పసుపు అంటే పెళ్ళి సన్నివేశంలో వధువు పాదాలకు పూసే పదార్థంగా మాత్రమే మిగులుతుంది.

బ్రాడ్‌బరీ ‘అషర్ II’

క్లార్క్ కథలో సినిమా మిగిలి మోసం చేస్తుంది. రే బ్రాడ్‌బరీ కథలో సినిమాను తగలబెడతారు. ‘అషర్ II’ 1950లో వేరొక పేరుతో ఒక పత్రికలో వచ్చి, అదే సంవత్సరం ‘ది మార్షియన్ క్రానికల్స్’ గ్రంథంలో చోటుచేసుకుంది. కథాకాలం 2005, స్థలం అంగారక గ్రహం. అప్పటికి చాలా ఏళ్ళ క్రితమే భూమిపై ప్రభుత్వం ఊహాకల్పనలన్నిటినీ, అనగా దయ్యాల కథలు, పిల్లల కథలు, ఎడ్గార్ అలన్ పో రచనలు మొదలైనవాటిని తగలబెట్టించి ఉంటుంది. వాస్తవికత ఒక్కటే అనుమతించబడింది.

ఈ కథలో రెండు చోట్ల నిజ సినిమా లోకం కనిపిస్తుంది. మొదటిది, కథానాయకుడు స్టెండాల్ ఆవేశంతో చేసే ప్రసంగం. హెమింగ్వే నవల ‘ఫర్ హూమ్ ది బెల్ టోల్స్’ను ముప్పైసార్లు సినిమాగా తీశారని, అన్నీ వాస్తవికంగానే ఉన్నాయని అతడు విసుక్కుంటాడు. ఈ నవల 1943లో గారీ కూపర్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ నటించగా నిజంగానే చిత్రంగా వచ్చింది. ఏడేళ్ళ క్రితం తాము చూసిన సినిమా ముప్పై రూపాలలో తిరిగి వచ్చిందని చదివిన ఆనాటి పాఠకులు నవ్వుకొని ఉంటారు. కల్పనకు చోటు లేనప్పుడు కళాకారులకు మిగిలేది పునరావృతమేనన్న సంగతి ఆ నవ్వులోనే ఉంది. (ఒకే కథ ఎన్నిసార్లు తీస్తారన్న విసుగు తెలుగు ప్రేక్షకులకు పరిచయమైనదే.)

రెండవది, స్టెండాల్‌కు తోడుగా నిలిచే పైక్స్ అనే నటుడు. వేషాలు మార్చడంలో అతడు లాన్ చేనీని, బేలా లుగోసీని మించినవాడని రచయిత చెబుతాడు. చేనీ మూకీ చిత్రాల కాలంలో వేయి ముఖాల మనిషిగా పేరు పొందిన నిజ నటుడు. లుగోసీ 1931 నాటి ‘డ్రాక్యులా’ చిత్ర కథానాయకుడు. పైక్స్ చిత్రాలను అధికారులు లాక్కొని, చుట్టలు చుట్టలుగా పొయ్యిలోకి తోసిన దృశ్యాన్ని బ్రాడ్‌బరీ పేగులు లాగినట్లు వర్ణించాడు. ఈ కథ వచ్చిన పదిహేనేళ్ళకు, 1965లో, అమెరికాలో ఎం.జి.ఎం. సంస్థ గిడ్డంగిలో జరిగిన అగ్నిప్రమాదంలో చేనీ నటించిన ‘లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ (1927) తెలిసిన చివరి ప్రతి కాలిపోయింది. ఏ ప్రభుత్వమూ దానిని తగలబెట్టమని ఆజ్ఞాపించలేదు. భద్రపరచిన చోటే కాలిపోయింది. ఈ రోజు ఆ చిత్రం నిశ్చల ఛాయాచిత్రాల రూపంలోనే తెలుస్తుంది.

షెరెడ్ కథ: గతాన్నే చిత్రీకరించే కెమెరా

టి.ఎల్. షెరెడ్ రాసిన ‘ఇ ఫర్ ఎఫర్ట్’ 1947 మే నెల ‘ఎస్టౌండింగ్’ పత్రికలో వచ్చింది. డెట్రాయిట్ నగరంలోని ఒక చిన్న, చవక సినిమా హాలులో ఒకతను స్పెయిన్ సేనలు మెక్సికోను జయించిన ఘట్టం చూపిస్తుంటాడు. మాటలు లేవు, కానీ సెట్టింగులు, జనసమూహాలు, రక్తపాతం ఏ హాలీవుడ్ సంస్థకూ సాధ్యం కానంత సహజంగా ఉంటాయి. కారణం, అవి సెట్టింగులు కావు. అతడు ఏ కాలాన్నయినా, ఏ స్థలాన్నయినా చూడగల యంత్రాన్ని కనిపెట్టాడు. దానితో కెమెరాను జోడించాడు.

ఆ యంత్రంతో అతడు, అతని భాగస్వామి హాలీవుడ్‌లో అలెగ్జాండరు మీద, రోము మీద, ఫ్రెంచి విప్లవం మీద చిత్రాలు తీస్తారు. గతం నుండి బొమ్మ వస్తుంది కానీ శబ్దం రాదు. కనుక పెదవుల కదలికను చదవగల వారిని నియమించి సంభాషణలు రాయిస్తారు. డబ్బింగు సినిమాకు అలవాటు పడిన మనకు ఈ చిక్కు సులభంగా అర్థమవుతుంది. చివరకు వారు ప్రపంచ యుద్ధాల నిజ చరిత్రను తెర మీద పెడతారు. దేశాధినేతలు రహస్యంగా మాట్లాడుకున్న మాటలు బయటపడతాయి. ప్రభుత్వాలు సహించవు. కథ విషాదాంతం.

ఇందులో పేరు పెట్టి ఒక చిత్రాన్ని ఆధారం చేసుకోవడం కన్నా హాలీవుడ్ పరిశ్రమనే ఒక పాత్రగా తీసుకోవడం ఎక్కువ. కానీ క్లార్క్ కథకు ఇది సరైన ఎదురు జోడీ. అక్కడ చూసేవారు కల్పనను చరిత్ర అనుకున్నారు. ఇక్కడ ప్రేక్షకులు చరిత్రను కల్పన అనుకొని, గొప్ప సెట్టింగులని మెచ్చుకొని టిక్కెట్లు కొన్నారు. నిజమని తెలిసిన మరుక్షణం భరించలేకపోయారు.

గిబ్సన్ కథ

విలియం గిబ్సన్ ‘ది గెర్న్స్‌బాక్ కంటిన్యుయమ్’ (1981) తరువాతి తరం కథ. 1930ల నాటి అమెరికా భవనాలను ఫొటోలు తీసే పనికి కుదిరిన ఒక ఛాయాగ్రాహకునికి, ఆనాటివారు కలగన్న భవిష్యత్తు, అంటే ఎన్నడూ రాని భవిష్యత్తు, కళ్ళ ముందు కనిపించసాగుతుంది. ఆ కలల నగరం ‘మెట్రోపొలిస్’ (1927), ‘థింగ్స్ టు కమ్’ (1936) చిత్రాల నుండి రూపం తెచ్చుకొన్నదని కథకుడు పేర్లతో సహా చెబుతాడు. రెండవ చిత్రానికి రచన చేసినది హెచ్.జి. వెల్స్ కావడం విశేషం. కాలయంత్రం రాసినాయన తెర మీద గీసిన భవిష్యత్తు నలభై అయిదేళ్ళకు మరొక కథలో దయ్యంలా తిరిగి వచ్చింది.

ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘మెట్రోపొలిస్’ విడుదలైన కొద్ది నెలలకే బాగా కత్తిరించబడింది. కత్తిరించిన భాగాలు ఎనభై ఏళ్ళపాటు పోయాయనే అనుకున్నారు. 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లోని ఒక సినిమా ప్రదర్శనశాలలో దాదాపు పూర్తి నిడివి గల 16 మి.మీ. ప్రతి బయటపడింది. గీతలు పడి పాడైన ఆ ప్రతి ఆధారంగా 2010లో చిత్రాన్ని తిరిగి ప్రదర్శించారు.

ఆదిత్య 369

తెలుగులో కాలయాత్ర అనగానే అందరికీ గుర్తువచ్చేది 1991 జూలై 18న విడుదలైన ‘ఆదిత్య 369’. దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. కళాశాలలో చదివే రోజులలో వెల్స్ ‘టైమ్ మెషీన్’ చదివిన ప్రభావం తన మీద ఉన్నదని దర్శకుడు పలుమార్లు చెప్పారు. ప్రొఫెసర్ రాందాసు (టిన్నూ ఆనంద్) కాలయంత్రాన్ని తయారుచేస్తాడు. కృష్ణకుమార్ (నందమూరి బాలకృష్ణ), హేమ (మోహిని) దానిలో 1526 నాటి విజయనగరానికి, అక్కడి నుండి 2504వ సంవత్సరానికి వెళతారు. శ్రీకృష్ణదేవరాయల పాత్ర కూడా బాలకృష్ణదే. తెనాలి రామకృష్ణునిగా చంద్రమోహన్, దుష్టపాత్రలో అమ్రీష్ పురి నటించారు.

వెల్స్ యాత్రికుడు భవిష్యత్తుకే వెళ్ళాడు. ఎనిమిది లక్షల సంవత్సరాల తరువాతి మానవజాతి పతనాన్ని చూసి వచ్చాడు. తెలుగు యాత్రికుడు ముందు గతానికి వెళ్ళాడు, అదీ రాయల కాలానికి. ఈ మార్పు చిన్నది కాదు. తెలుగువారు కాలయంత్రం ఎక్కితే మొదట దిగే చోటు భువనవిజయమేనని సింగీతం సరిగా ఊహించారు.

అయితే ఏ విజయనగరం? రాయలు 1509 నుండి 1529 వరకు పాలించాడు. కనుక 1526 చరిత్రకు సరిపోతుంది. ఆ కాలపు హంపీని కళ్ళారా చూసి రాసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ వర్ణనలు రాబర్ట్ సీవెల్ 1900లో ప్రచురించిన ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ ద్వారా అందరికీ అందుబాటులోకి వచ్చాయి. కానీ సామాన్య తెలుగు ప్రేక్షకుని మనస్సులోని రాయల సభ పేస్ రాతల నుండి వచ్చినది కాదు. అది ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రాల నుండి వచ్చింది. ఆ రెండింటిలోనూ కృష్ణదేవరాయలు నందమూరి తారక రామారావు. ‘ఆదిత్య 369’లో ఆయన కుమారుడే ఆ కిరీటం ధరించినప్పుడు, కథానాయకుడు దిగిన విజయనగరం హంపీ శిథిలాల కన్నా పాత సినిమాలకే దగ్గరగా ఉంటుంది. వేరే మాటల్లో చెప్పాలంటే, ఈ చిత్రంలో కాలయంత్రం ప్రేక్షకుణ్ణి చరిత్రలోకి కాక, అతడు ఇదివరకు చూసిన సినిమాలోకి తీసుకువెళుతుంది. క్లార్క్ కథలోని శుక్రగ్రహ పండితులను చూసి నవ్వే ముందు దీనిని గుర్తుంచుకోవాలి. ఇది చిత్రంలోని లోపమని చెప్పడం ఉద్దేశం కాదు. ప్రేక్షకుడు గుర్తుపట్టగల గతాన్ని చూపడం వల్లనే అంత కొత్త విషయం పల్లెటూళ్ళలో సైతం సులభంగా అందింది.

భవిష్యత్తు భాగం మరొక విధమైనది. అణుధార్మికత కారణంగా మనుష్యులు భూమి కింద జీవిస్తుంటారు. ఇది పూర్తిగా అణుయుద్ధ భయం నాటి పాశ్చాత్య కథల వారసత్వం. నిడివిలో, ప్రభావంలో రాయల భాగంతో ఇది సరితూగదు.

సింగీతం సినిమా పాఠాలు నేర్చినది కె.వి. రెడ్డి వద్ద. ‘మాయాబజార్’ (1957)కు ఆయన సహాయకునిగా పనిచేశారు. ఆ చిత్రంలోని ‘ప్రియదర్శిని’ పెట్టె మూత తీస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలుకాకముందే (అవి 1959లో ఢిల్లీలో మొదలయ్యాయి) తెలుగు ప్రేక్షకుడు పెట్టెలో కదిలే బొమ్మను చూశాడు. పౌరాణికం అనే పేరుతో వచ్చింది కనుక దానిని వైజ్ఞానిక కల్పన అని ఎవరూ అనలేదు. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏ.డీ.’లో దర్శకుడు నాగ్ అశ్విన్ ఈ రెండు దారులనూ కలిపారు. మహాభారత యుద్ధానంతరం నుండి 2898 వరకు కథ నడుస్తుంది. కింద ఎండిపోయిన కాశీ, పైన ఆకాశంలో సంపన్నుల ‘కాంప్లెక్స్’. పైవారికి వెలుగు, కిందివారికి చీకటి అన్న ఈ అమరిక ‘మెట్రోపొలిస్’ చూసినవారికి కొత్త కాదు. ఈ చిత్రానికి తొలి దశలో సింగీతం మార్గదర్శకునిగా ఉన్నారు.

తెలుగు రీళ్ళ సంగతి

పై కథలన్నిటిలోనూ ఫిల్ము ఒక భౌతిక వస్తువు. దొరుకుతుంది, కాలుతుంది, దాచబడుతుంది. తెలుగు సినిమా విషయంలో ఏమి జరిగింది?

మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే ప్రదర్శన యంత్రంతో మద్రాసులో చలనచిత్రాలు చూపించారు. ఆయన కుమారుడు ఆర్. ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ అనే మూకీ చిత్రం తీశారు. తెలుగువారి తొలి చిత్రంగా దీనిని పేర్కొంటారు. తొలి పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైంది. దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి. సురభి నాటక సమాజపు నటులు అందులో పాల్గొన్నారు. ఈ రెండు చిత్రాలనూ నేడు చూడలేము. దేశంలో వెయ్యికి పైగా మూకీ చిత్రాలు తయారుకాగా మిగిలినవి అతి స్వల్పం. వాటిలోనూ అనేకం తునకలే.

కారణాలు పలు విధాలు. 1950ల ఆరంభం వరకు వాడిన ఫిల్ము సెల్యులోజ్ నైట్రేటుతో తయారైనది. అది అతి సులభంగా అంటుకుంటుంది. మండేటప్పుడు తనకు కావలసిన ఆక్సిజన్‌ను తానే విడుదల చేసుకొంటుంది కనుక నీళ్ళు పోసినా ఆరదు. వేడి, తేమ ఉన్న చోట జిగురుగా మారి, చివరకు పొడి అయిపోతుంది. మన వాతావరణంలో రెండూ ఎక్కువే. దీనికి తోడు ఫిల్ములో వెండి ఉంటుంది. ఆట ముగిసిన చిత్రానికి విలువ లేదనుకున్న రోజులలో రీళ్ళను వెండి కోసం కరిగించారు. నిప్పు పెట్టమని ఆజ్ఞాపించే అధికారి బ్రాడ్‌బరీ కథలో ఉన్నాడు. ఇక్కడ అతని అవసరం కలగలేదు. తరువాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము మండదు కానీ, కాలక్రమంలో వెనిగరు వాసన వేస్తూ ముడుచుకుపోతుంది.

మద్రాసు కేంద్రంగా తయారైన మూకీలలో పూర్తిగా మిగిలినది ఒక్క ‘మార్తాండవర్మ’ (1933) అని చెబుతారు. అది మిగిలిన తీరు విచిత్రం. మూలమైన నవలను ప్రచురించిన తిరువనంతపురం సంస్థ హక్కుల దావా వేసి చిత్రప్రదర్శనను ఆపించింది. ప్రతి ఆ ప్రచురణ సంస్థ గిడ్డంగిలోనే ఉండిపోయింది. నాలుగు దశాబ్దాల తరువాత, 1974లో అది జాతీయ చలనచిత్ర భాండాగారానికి చేరింది. ఆడనివ్వని సినిమా మిగిలింది, ఆడిన సినిమాలు అరిగిపోయాయి. క్లార్క్ కథలోని రాళ్ళ గుట్టకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దక్షిణ భారతంలో లేదు.

ఆ భాండాగారం 1964లో పుణెలో ఏర్పడింది. దానిని తీర్చిదిద్దిన పి.కె. నాయర్ (మరణం 2016) దేశమంతా తిరిగి పెట్టెలు, సంచులు వెదకి రీళ్ళు సేకరించారు. అయినా 2003 జనవరి 8న పుణెలో నైట్రేటు ఫిల్ములు దాచిన చోట అగ్నిప్రమాదం జరిగి అనేక అపురూప చిత్రాల రీళ్ళు నశించాయి. 2022లో ఈ సంస్థ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది.

తెలుగు నాట ఇటీవలి కాలంలో కొంత కదలిక వచ్చింది. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ సంస్థ ‘మాయాబజార్’ను శుభ్రపరచి, రంగులద్ది 2010 జనవరిలో విడుదల చేసింది. నలుపు-తెలుపులోని వెలుగునీడల సొగసు రంగులలో పోయిందన్న వాదన ఉన్నప్పటికీ, మూల ప్రతిని శుభ్రపరచే పని ఆ నెపంతోనైనా జరిగింది. 2019 డిసెంబరులో ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ హైదరాబాదులోని అన్నపూర్ణ స్టూడియోలో ఫిల్ముల పరిరక్షణపై శిక్షణ శిబిరం నిర్వహించింది. రీలును చేతితో ఎలా పట్టుకోవాలి, చిరిగిన చోట ఎలా అతకాలి, బూజును ఎలా తుడవాలి వంటి పనులు అక్కడ నేర్పారు. ‘ఆదిత్య 369’ 4కె రూపంలో 2025 ఏప్రిల్ 4న మళ్ళీ థియేటర్లకు వచ్చింది.

డిజిటల్ ప్రతితో బాధ తీరిపోదు. ఫిల్ము చుట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బొమ్మ కంటికి కనిపిస్తుంది. శుక్రగ్రహవాసులకు దానిని ఆడించే యంత్రాన్ని ఊహించడం అందువల్లనే సాధ్యమైంది. హార్డ్ డిస్కును ఎంత వెలుతురులో పట్టుకున్నా అందులో ఏముందో తెలియదు. దానిని చదివే యంత్రం, ఆ యంత్రానికి తగిన సాఫ్ట్‌వేర్ రెండూ ఉండాలి. అందుకే పరిరక్షకులు డిజిటల్ ప్రతులను కొన్నేళ్ళకొకసారి కొత్త సాధనాల మీదికి మారుస్తుంటారు, మూల నెగెటివును కూడా చల్లని పొడి గదులలో ఉంచుతారు.

‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రతి ఇంతవరకు దొరకలేదు.